కరెంటు పోతే మూగబోయే ల్యాండ్‌లైన్

ఎడిటర్ గారికి,

సత్యనారాయణపురంలో మా ఇంటికి పాత ల్యాండ్‌లైన్ తీసేసి ఫైబర్ వేయించి మూడేళ్లయింది. నంబరు మారలేదు, ఫోను కూడా అదే స్టూలు మీద అక్కడే ఉంది కాబట్టి మా అమ్మకి తేడా ఏమీ తెలియలేదు, నిజానికి నాకూ తెలియలేదు. మొన్న వేసవిలో నేను గుంటూరు పెళ్లికి వెళ్లిన రాత్రి ఇక్కడ కరెంటు పోయింది. అమ్మకి ఆయాసం వచ్చి రిసీవర్ ఎత్తితే చప్పుడే లేదట. సెల్ వాడటం ఆవిడకి రాదు. గుమ్మంలోకి వచ్చి కేకేస్తే పక్కింటి కుర్రాడు తన సెల్ నుంచి 108కి చేశాడు. ఆ రాత్రి నేను పడిన టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

మర్నాడు కంపెనీకి ఫోన్ చేసి అడిగితే, "పవర్ లేకపోతే పనిచేయదండీ" అని తాపీగా చెప్పారు. ఆ ముక్క కనెక్షన్ ఇచ్చేరోజు ఎందుకు చెప్పలేదు?

పాత రాగి తీగ ఫోనుకి మనింటి కరెంటుతో పనిలేదు. ఎక్స్చేంజిలో బ్యాటరీల నుంచి 48 వోల్టులు ఆ తీగలోనే వచ్చేవి, వీధంతా చీకటైనా ఫోను మోగేది (కార్డ్‌లెస్ సెట్టు కొనుక్కున్నవాళ్ల సంగతి వేరు, దానికి ప్లగ్గు కావాలి). ఫైబర్‌లో వచ్చేది వెలుతురు మాత్రమే. దాన్ని మాటగా మార్చే డబ్బా మన గోడకి ఉంటుంది, అది మన కరెంటు మీదే బతుకుతుంది.

పాతదంతా బంగారమని నేననను. నాలుగు చినుకులు పడితే లైన్లో గరగర, లైన్‌మన్ కోసం వారం ఎదురుచూపులు, అవన్నీ పడ్డవాణ్ణే. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు రాగి తీగలున్నా ఎన్ని ఇళ్లలో మోగేవో చెప్పలేం. కానీ అక్కడ రోజుల తరబడి కరెంటు లేక, సెల్ చార్జింగ్ అయిపోయి, డాబా మీద నుంచి పడవలవాళ్లని చేతులూపి పిలిచిన ఊరు మనది. ఆ సంగతి తెలిసిన ఊళ్లో కూడా ఈ ఫోన్లు బ్యాటరీ లేకుండా బిగించి పోతున్నారు.

ఇంకో విషయం, ఇన్వర్టర్ ఉందిలే అని ధీమాగా ఉండకండి. మా ఇంట్లోనూ ఉంది. అయితే ఆ డబ్బాని టీవీ బోర్డుకి పెట్టి వెళ్లారు, ఆ బోర్డుకి ఇన్వర్టర్ లైనే లేదు! ఇప్పుడు ప్లగ్గు మార్పించి, పక్కన చిన్న యూపీఎస్ కూడా పెట్టాను. కరెంటు పోయినప్పుడల్లా అమ్మ రిసీవర్ ఎత్తి చూసి "వస్తోందిరా" అంటోంది.

కనెక్షన్ ఇచ్చేటప్పుడు "కరెంటు లేకపోతే 108కి, 112కి కూడా కాల్ వెళ్లదు" అని రసీదు మీద తెలుగులో రాయాలని, బ్యాటరీ కూడా ఇవ్వాలని టెలికాం శాఖ కంపెనీలకి చెప్పాలి. మనింట్లో బ్యాటరీ ఉంటే సరిపోదు, ఆపరేటర్ గదిలో మెషీన్లకీ కరెంటు కావాలి. అక్కడ బ్యాకప్ ఎన్ని గంటలు ఆగుతుందని నేను రెండుసార్లు అడిగాను, ఇంకా జవాబు రాలేదు.

— ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ