కొల్లేటి పక్షులను వాటి తెలుగు పేర్లతో రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోలండ్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి మే నెలలో అక్కడి బియెబ్జా చిత్తడి నేలలకు వెళ్ళి, ఫోన్‌లో ఒక శబ్దం రికార్డు చేసి పంపింది. ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు 'బూమ్... బూమ్' అని. ఏ యంత్రమో అనుకున్నాను. కొంగ జాతి పక్షట! కిక్కిస పొదల్లో దాక్కుని మగది ఆడదాన్ని పిలుస్తుంది. ఆ పిలుపు కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది కానీ పక్షి ఒక పట్టాన కనబడదు. ఒంటి మీది చారలు ఎండు కిక్కిసలో కలిసిపోతాయి. అలికిడైతే ముక్కు పైకెత్తి నిలబడి, గాలికి పొదతో పాటు తనూ ఊగుతుంది.

పోలిష్‌లో దాని పేరు 'బోంక్'. శబ్దాన్ని బట్టి పుట్టిన మాట. జోరీగనూ, పిల్లలు తిప్పే బొంగరాన్నీ కూడా వాళ్ళు బోంక్ అనే అంటారు. మూడూ మోగేవే కదా. ఇంగ్లిష్‌లో 'బిటర్న్'. చేదుకూ దీనికీ సంబంధం లేదు, పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. 1997లో బ్రిటన్ అంతా కలిపి కూత పెట్టే మగ బిటర్న్‌లు 11 మాత్రమే మిగిలాయి. కంటికి దొరకదు కాబట్టి చెవులతోనే ఆ లెక్క తీస్తారు. కిక్కిస పొదలను తిరిగి పెంచి, నీళ్ళు నిలిపాక ఇప్పుడవి 200 దాటాయి.

దీని చిన్న చుట్టాలు మనకూ ఉన్నాయి. ఒకటి పసుపు, ఒకటి ఇటుక రంగు, ఒకటి నలుపు. కొల్లేటి పొదల్లో, వరిచేల గట్ల మీద తిరుగుతాయి. పేపర్లో మాత్రం అన్నీ 'కొంగలే', లేకపోతే 'విదేశీ పక్షులే'. ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని లేపే పక్షి విదేశీ ఎలా అవుతుందండీ? చదివినప్పుడల్లా బాధేస్తుంది. కిక్కిస కొట్టేసి చెరువులు తవ్వినప్పుడు అందులోంచి ఏ పక్షి పోయిందో చెప్పడానికి మన దగ్గర మాట కూడా లేదు.

లంక గ్రామాల్లో చిన్నప్పటి నుంచి వేటకు వెళ్ళిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఏ పొదలో ఏది కూస్తుందో, దాన్ని ఏమని పిలుస్తారో వాళ్ళను అడగాలి. మీ విలేకరులను ఈ శీతాకాలంలోనే పంపండి. వారానికి ఒక పక్షి చొప్పున ఫొటో, ఊరి పేరు, అక్కడివాళ్ళు పిలిచే పేరు జిల్లా పేజీలో వేయండి. నాకు తెలిసిన ఇద్దరు ముసలి జాలర్ల దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

- ఒక పాఠకుడు, ఏలూరు