బాంబు ఉంది, బొగ్గు వేసినవాళ్లు లేరు

సంపాదకులకు,

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మా ఊరి మీద వేసిన బాంబుల్లో పేలనిదొకటి విశాఖ మ్యూజియంలో ఉంది. మొన్న మనవణ్ణి తీసుకెళ్తే వాడు దాని చుట్టూ తిరిగి, ‘‘ముత్తాత అప్పుడు ఎక్కడున్నారు తాతయ్యా?’’ అని అడిగాడు.

వాల్తేరులో రైలింజిన్లు ఉండే లోకో షెడ్డులో. మా నాన్న అప్పుడు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.)లో ఇంజినుకు బొగ్గు వేసే ఫైర్‌మన్, వయసు 22. హార్బరు మీద బాంబులు పడ్డాక జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోతుంటే, ఈ రైల్వేవాళ్లు మాత్రం డ్యూటీకి వెళ్లారు. విమానాలకు కనబడకుండా రాత్రిపూట ఎక్కడా దీపం ఉండకూడదు. ఇంజిను పొయ్యి, అంటే ఫైర్‌బాక్స్, తలుపు తీస్తే ఎర్రటి వెలుగు పైకి కొడుతుంది. తీయకపోతే ఆవిరి పడిపోతుంది. తీయడం, రెండు పారల బొగ్గు విసరడం, మూయడం, మనసులో అంకెలు లెక్కపెట్టి మళ్లీ తీయడం. ఎనభయ్యో ఏట కూడా మంచం మీద కూర్చుని ఖాళీ చేతులతో ఆ వరస చూపించేవారు. అలాంటివాళ్ల జ్ఞాపకాలను రికార్డు చేసి దాచాలని అడగడానికే ఈ ఉత్తరం.

రంగూన్ రేవులో మూటలు మోసిన మనవాళ్లు యుద్ధం వల్ల బర్మా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చి ఆ రైళ్లే ఎక్కారు. ఒక స్టేషనులో చంటిబిడ్డ తల్లి చెంబు చాపితే ఇంజిను నుంచి వేడినీళ్లు పట్టి ఇచ్చారట. విమానాల కథ అడిగితే చెప్పేవారు, చెంబు కథ అడక్కుండానే చెప్పేవారు.

అన్నీ నిజాలేనని నేననను. నా చిన్నప్పుడు నాన్న చూసిన విమానాలు రెండు, నా పెళ్లినాటికి ఐదయ్యాయి. అందుకే సర్వీసు రిజిస్టర్లు, హాజరు పట్టీలు పక్కన పెట్టుకుని మా మాటలను సరిచూసే పరిశోధకులు కావాలంటున్నాను. ఆ కాగితాల జాడ పట్టడం తేలిక కాదు. బి.ఎన్.ఆర్. 1944లో ప్రభుత్వం చేతికి వచ్చింది, 1952లో తూర్పు రైల్వేలో కలిసింది, 1955లో ఆగ్నేయ రైల్వే అయింది, 2003లో వాల్తేరు తూర్పు కోస్తా రైల్వేకు వెళ్లింది. ఇల్లు మారినప్పుడల్లా ఏదో ఒకటి పోతూనే ఉంటుంది కదా.

కొన్నేళ్ల క్రితం నాన్న చేతిలాంతరును ఒక ప్రదర్శనశాలకు ఇచ్చాను. వెలుతురు చీలికంత మాత్రమే బయటికి వచ్చేలా అద్దానికి ఆయనే నల్లరంగు పూసుకున్నారు. ఆ సంగతంతా నాలుగు పేజీల్లో రాసి జతపరిచాను. తర్వాత వెళ్లి చూస్తే చీటీ మీద ‘పాత లాంతరు, ఇత్తడి’ అని ఉంది. నాలుగు పేజీల సంగతి అక్కడ ఎవరికీ తెలియదు.

లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం 1970ల నుంచి మామూలు మనుషుల యుద్ధ జ్ఞాపకాలను వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి దాస్తోంది. మన దక్షిణ కోస్తా రైల్వే జోన్ కార్యాలయానికి 2025 జనవరిలో విశాఖలో శంకుస్థాపన జరిగింది. ఈ జ్ఞాపకాల కోసం అందులో ఒక గది, ఒక రికార్డరు, తెలుగూ ఒడియా వచ్చిన ఇద్దరు మనుషులు చాలు. కంచరపాలెం నుంచి మొదలుపెట్టవచ్చు, బర్మా నుంచి వచ్చినవాళ్ల బర్మా క్యాంపు పక్కనే ఉంది.

త్వరపడాలి. బాంబులు పడ్డ రోజు యార్డులో పట్టాలు మార్చే పనిలో ఉన్న ఒక పాయింట్స్‌మన్‌ గారి కొడుకు సంక్రాంతికి మా ఇంటికొచ్చి గంటసేపు చెప్పాడు. కిందటి నెల పోయాడు. ఆయన చెప్పింది కాలెండరు కాగితాల వెనక రాసి ఉంచాను. అడిగినవాళ్లకు ఇస్తాను, ఈసారి ఒక నకలు తీసుకున్నాకే.

– ఒక విశ్రాంత రైల్వే గార్డు, కంచరపాలెం, విశాఖపట్నం