కొత్త బస్టాండు కట్టేటప్పుడే మమ్మల్ని అడగండి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్‌లో రైల్వేస్టేషన్ ఎదురుగా ఉన్న పాత బస్టాండును తీసేసి, ఆ స్థలంలో కొత్త బస్టాండు కడుతున్నారు. హనుమకొండ, కాజీపేట వైపు కూడా ఆసుపత్రులు, ఆఫీసులు, షాపింగ్ కాంప్లెక్సులు లేస్తూనే ఉన్నాయి. చిన్నప్పుడు పోలియో రావడంతో నేను వీల్‌చైర్‌లోనే తిరుగుతాను. హనుమకొండలో పిల్లలకు ట్యూషన్లు చెప్తుంటాను. ఏ కట్టడమైనా పూర్తయి, ప్రారంభోత్సవం అయిపోయాక మా ఇబ్బంది చెప్తే, "అయ్యో, ముందే చెప్తే చూసేవాళ్లం కదమ్మా" అంటారు. అందుకే ఈసారి ముందే చెప్తున్నాను.

ర్యాంపులు లేవని నేను అనడం లేదు. చాలాచోట్ల కనిపిస్తాయి, కానీ వాటి మీద ఎక్కలేం. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ర్యాంపు ఉండాలి. నాలుగు మెట్లున్న గుమ్మం రెండడుగుల ఎత్తు అనుకుంటే, ఇరవై నాలుగు అడుగుల జాగా కావాలన్నమాట. మన దగ్గర మాత్రం మెట్ల పక్కన మిగిలిన ఆరేడు అడుగుల్లోనే సిమెంటు పోసి వదిలేస్తారు. సామాన్లు ఎక్కించడానికి, స్కూటర్ లోపల పెట్టుకోవడానికి అది బాగానే పనికొస్తుంది. దాని మీద సొంతంగా చక్రాలు తిప్పుకుంటూ ఎక్కబోతే ముందు చక్రాలు గాల్లోకి లేచి, మనిషి వెనక్కి పడిపోతారు. దిగేటప్పుడు ఇంకా టెన్షన్. అందం కోసం నున్నటి గ్రానైట్ వేస్తే, వాన పడ్డప్పుడు అది జారుడుబల్లే. ఒక బ్యాంకులోనైతే ర్యాంపు ఎక్కి పైదాకా పోయాను. అక్కడ తలుపు ముందు ఇంకో మెట్టు! "ఒక్క మెట్టే కదక్కా" అన్నాడు అక్కడి సెక్యూరిటీ తమ్ముడు. అతని తప్పేం లేదు. ఆ ఒక్క మెట్టుతోనే నేను బయట ఆగిపోతానని కట్టినవాళ్లకు తట్టలేదు.

అయితే ర్యాంపు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది మరుగుదొడ్డి. ఇది పేపర్లో రాయాలంటే ఆడవాళ్లకు సిగ్గు. రాయం కాబట్టే ఎవరికీ తెలియకుండా పోతోంది. మాలో చాలామంది ఊరికి పోయే రోజు పొద్దుటి నుంచి నీళ్లు తాగరు. చాయ్ కూడా ముట్టరు. కరీంనగర్‌లో పెళ్లికైనా, హైదరాబాద్‌లో ఆసుపత్రికైనా ఇదే పద్ధతి. మంచిర్యాల, రామగుండం వైపు మే నెల ఎండలు ఎలా ఉంటాయో మీ పాఠకులకు చెప్పనక్కర్లేదు. అప్పుడూ అంతే, గొంతు తడుపుకోవడం తప్ప తాగడం ఉండదు. దాంతో మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు అది కిడ్నీల దాకా పోతుంది. డాక్టర్లు నీళ్లు బాగా తాగమంటారు. తాగితే మేం ఎక్కడికి పోవాలి?

వీల్‌చైర్ వెడల్పే రెండడుగుల పైన ఉంటుంది. చక్రం తిప్పే చేతులకు ఇంకొంత జాగా కావాలి. మన బాత్రూం తలుపు రెండున్నర అడుగులు ఉంటే ఎక్కువ, అందులో చౌకట్లు పోతే మిగిలేది ఇంకా తక్కువ. మార్గదర్శకాలేమో 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు ఉండాలంటాయి. తలుపు లోపలికి తెరుచుకునేలా పెడితే, చైర్ లోపలికి వచ్చాక దాన్ని మూయలేం. లోపల చైర్ తిరగడానికి అయిదడుగుల జాగా ఉండాలి, కమోడ్ పక్కన పట్టుకోవడానికి గట్టి రాడ్లు ఉండాలి. ఇవన్నీ ఉన్న మరుగుదొడ్లు అక్కడక్కడా లేకపోలేదు. కానీ వాటికి తాళం వేసి ఉంటుంది. లోపల చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు, విరిగిన కుర్చీలు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తాళంచెవి అడిగితే, అది ఉన్నాయన భోజనానికి పోయాడన్నారు. ఆసుపత్రిలోనే అలా ఉంటే బస్టాండులో ఏం ఆశించాలి?

ఇక బస్సు సంగతి. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. చాలా మంచి పథకం. మా వాడలో కూలికి పోయే అక్కలకు దాంతో ఎంత మిగులుతోందో నాకు తెలుసు. కానీ టికెట్ ఉచితమైనా ఆ మెట్లు నేను ఎక్కలేను కదా! కాబట్టి నాకు ఆటోనే దిక్కు. చైర్ మడిచి వెనకాల కట్టాలి కాబట్టి ఆటోకు మామూలు కంటే ఎక్కువే ఇవ్వాలి. వికలాంగుల పింఛను 2023లో పెరిగి నెలకు 4,016 రూపాయలయింది. దాని మీదే ఆధారపడి బతికేవాళ్లు ఆటో మాట్లాడుకుని ఎన్నిసార్లు గడప దాటగలరు?

తప్పనిసరై బస్సు ఎక్కాల్సి వస్తే ఇద్దరు మగవాళ్లు చెరో రెక్క పట్టుకుని ఎత్తాలి. మనవాళ్లు మంచివాళ్లు, సాయం అడిగితే కాదన్నవాళ్లు నాకు తారసపడలేదు. "పట్టు అన్నా, అక్కను ఎక్కిద్దాం" అంటూ చేతిలో సంచి కింద పెట్టి వస్తారు. వాళ్లందరికీ నేను రుణపడి ఉన్నాను. అయినా చీర సర్దుకునే వీలు కూడా లేకుండా, బస్సంతా చూస్తుండగా, పరాయి మగవాళ్ల చేతుల్లో పైకి లేవడం ఏ ఆడమనిషికైనా ఎలా ఉంటుందో ఆలోచించండి. బస్సులోకి వీల్‌చైర్ ఎక్కే ఏర్పాటు, లోపల దాన్ని కదలకుండా బిగించే ఏర్పాటు ఉండాలని కేంద్ర రవాణా శాఖ 2019 డిసెంబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. 2020 మార్చి నుంచి అది వర్తిస్తుంది. ఇకముందు కొనే బస్సుల్లోనైనా అది కనిపించాలి.

రైలు కొంత నయం. రాయితీ ఉంది, వికలాంగులకు వేరే పెట్టె ఉంది. కానీ ఆ పెట్టె రైలుకు ఒక కొసన ఉంటుంది. రెండు నిమిషాలు ఆగే రైలుకు ప్లాట్‌ఫాం ఏ చివర నిలబడాలో ముందే తెలియకపోతే రైలు పోయినట్టే. ఆ పెట్టె ఎక్కడ ఆగుతుందో మైకులో ఒక్కసారి చెప్తే చాలు, పైసా ఖర్చు లేని పని.

రామప్ప గుడి, వేయిస్తంభాల గుడి లాంటి పాత కట్టడాల్లో ఏం చేయగలమని కూడా కొందరు అడుగుతుంటారు. రామప్ప దాదాపు ఆరడుగుల ఎత్తు పీఠం మీద ఉంది. ఆ రాయిని తొలచమని నేను అడగను. బండి దిగిన దగ్గర్నుంచి పీఠం దాకా చదునైన బాట, పక్కన వాడుకోదగ్గ మరుగుదొడ్డి ఉంటే, గుడిని చుట్టూ తిరిగి చూసుకుంటాం.

చట్టం లేదా అంటే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. నిబంధనలు పాటించని భవన ప్లానుకు అనుమతి ఇవ్వరాదని, కట్టాక పూర్తయినట్టు సర్టిఫికెట్ కూడా ఇవ్వరాదని 44వ సెక్షన్ స్పష్టంగా చెప్తోంది. ప్రజలు వచ్చిపోయే పాత భవనాలను అయిదేళ్లలో సరిచేయాలని 45వ సెక్షన్ పెట్టిన గడువు 2022 జూన్‌లోనే దాటిపోయింది. ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా, మళ్లీ చేస్తే యాభైవేల నుంచి అయిదు లక్షల దాకా జరిమానా ఉంది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ప్రమాణాలను సలహాలుగా వదిలేసిన నిబంధన చట్టానికి విరుద్ధమని, తప్పక పాటించాల్సిన ప్రమాణాలను మూడు నెలల్లో తయారు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఇంత జరిగినా, కింది స్థాయిలో ఫైలు మీద "ర్యాంపు: ఉంది" అని టిక్కు పెడితే పని అయిపోయినట్టే నడుస్తోంది. ఆ ర్యాంపు మీద ఒక్క వీల్‌చైర్ ఎక్కి చూసిందా అని అడిగేవాళ్లు లేరు.

మున్సిపల్ కార్పొరేషన్‌కు, కలెక్టర్ గార్లకు, బస్టాండు పని చూస్తున్న ఇంజినీర్లకు నేను అడిగేది ఇదే. వరంగల్, హనుమకొండ జిల్లాల్లో ప్రజలు వచ్చిపోయే ఏ కట్టడానికైనా సర్టిఫికెట్ ఇచ్చే ముందు, వీల్‌చైర్ వాడే ఇద్దరు ముగ్గురిని పిలిచి, గేటు నుంచి కౌంటరు దాకా, కౌంటరు నుంచి మరుగుదొడ్డి దాకా సొంతంగా పోయి రమ్మనండి. అందులో ఒక్కరైనా ఆడమనిషి ఉండాలి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ సరిచేశాకే సంతకం పెట్టండి. కొత్త బస్టాండు విషయంలో మరుగుదొడ్ల గోడలు లేవకముందే ప్లాను మాకు చూపించండి. తలుపు ఆరంగుళాలు పెంచడానికి ఇప్పుడైతే పెద్ద ఖర్చేం కాదు, టైల్స్ వేశాక ఎవరూ పగలగొట్టరు. కబురు చేస్తే నేను, నాతోపాటు వీల్‌చైర్ వాడే స్నేహితులు ఏ రోజైనా వస్తాం. కొలతలు మేమే తీసి రాసిస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ