స్టీరింగ్ జాయింట్లు మార్పించుకున్న వాళ్లందరూ బండి మళ్లీ తీసుకురండి

మా వర్క్‌షాప్‌లో ఈ మధ్య పాత ఫోర్ బై ఫోర్ బండ్లకు టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింక్ ఎండ్లు (స్టీరింగ్ కదలికను చక్రాలకు చేర్చే రాడ్ల చివర ఉండే బాల్ జాయింట్లు) మార్పించుకున్న అందరికీ చెబుతున్నాను. బండి ఇప్పుడు బాగానే నడుస్తున్నా సరే, ఒకసారి తీసుకురండి. కొత్త ఎండ్లు, ఆ తర్వాత టో-ఇన్ సెట్టింగ్ (ముందు చక్రాలు లోపలికి ఎంత తిరిగి ఉండాలో సరిచేయడం), అంతా మా ఖర్చే.

స్పీడు పెరిగితే బండి ఓ దారిన నిలబడట్లేదని, స్టీరింగ్ సర్దుతూనే ఉండాల్సి వస్తోందని వచ్చిన బండ్లకు అరిగిన ఎండ్లు తీసి కొత్తవి వేశాం. కొన్నాళ్లకే వాటిలో కొన్ని అదే కంప్లైంట్‌తో తిరిగొచ్చాయి. చక్రాలు నేల మీదే ఉంచి, ఇంజిన్ ఆన్ చేసి, ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే ఇంకొకరు కింద పడుకుని చూశాం. రాడ్డు కదులుతోంది కానీ చక్రం కదలట్లేదు. ఒక ఎండ్ కోసి చూస్తే లోపల గ్రీజు జాడే లేదు, బాల్ కూర్చునే ప్లాస్టిక్ సీటు అరిగి పొడైపోయింది.

ఏళ్ల తరబడి మాకు సరుకు ఇస్తున్న సప్లయర్‌కు అది చూపిస్తే, ఫిట్టింగ్‌లోనే తేడా ఉందన్నాడు, నట్టు ఎక్కువ బిగించి ఉంటారట. నట్టు బిగిస్తే టేపర్, అంటే ఎండ్ కాడలో సన్నబడుతూ పోయే భాగం, దాని రంధ్రంలో పట్టుకుంటుంది. లోపలి సీటుకూ దానికీ సంబంధమే లేదు. బిగింపు కొలిచే టార్క్ రెంచ్ పెట్టకుండా, నట్టు వదులు కాకుండా ఆపే స్ప్లిట్ పిన్ వేయకుండా మా దగ్గర ఒక్క బండి కూడా బయటికి పోదు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అడిగిన వాళ్లకు మాత్రం మార్చు, అడగని వాళ్లను ఎందుకు కదిలించడం అని సలహా కూడా ఇచ్చాడు.

నాకు నిద్ర పట్టనిది అక్కడే. అందరినీ పిలిస్తే ఖర్చు సంగతి అటుంచి, ఈ షాపు చేసిన పని తిరిగొచ్చిందన్న మాట ఊరంతా తిరుగుతుంది. చేతిపనితో తెచ్చుకున్న పేరు అది. కానీ వదులైన జాయింట్‌లోంచి బాల్ ఊడి బయటికొస్తే స్టీరింగ్ మీ చేతిలో ఉంటుంది, చక్రం దాని ఇష్టం. అందుకే అందరినీ పిలుస్తున్నాను. ఆ సప్లయర్ దగ్గర ఇక ఒక్క బోల్టు కూడా కొనను.

ఈలోగా స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పితే రాడ్లను కదిలించే గేర్ల పెట్టె) స్క్రూ కాస్త బిగించి పంపమని కొందరు అడుగుతున్నారు. అది చేయను, ఎవరు అడిగినా చేయను. జాయింట్ వదులును బాక్స్‌లో దాచితే స్టీరింగ్ పట్టేస్తుంది, మలుపు తిరిగాక తనంతట తాను మధ్యకు రాదు, లోపలి పళ్లు అరిగిపోతాయి. డ్యాంపర్ కొత్తది వేసినా అంతే, కుదుపు తగ్గుతుంది, వదులు అలాగే ఉంటుంది.

ఇప్పుడు వేసేవి గ్రీజు నిపుల్ (బయటి నుంచి గ్రీజు ఎక్కించే మూతి) ఉన్న ఎండ్లు. సరుకు మెల్లగా వస్తోంది కాబట్టి ముందు ఫోన్ చేసి రండి. కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే పిన్ను), బుష్‌లు, వీల్ బేరింగ్ కూడా చూస్తాం. ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేసిన బండ్లలో చాలావాటికి కాస్టర్ (ఆ కింగ్ పిన్ వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గి ఉంటుంది. అది సరిచేయడం వేరే పని, దాని సంగతి బండి చూశాక మాట్లాడుకుందాం.

వచ్చేలోగా బయట అలైన్‌మెంట్ చేయించకండి, వదులు జాయింట్ మీద ఆ కొలత నిలవదు. కింద నుంచి టక్ టక్‌మని శబ్దం మొదలైతే బండి తీయకండి, మేమే వస్తాం.