నా లే క్లో తెరిచేశాను మామా

ఒరేయ్ మామా,

కోప్పడకుండా చదువు. చెరొకటి దాచుకున్నాం చూడు, ఆ ఫ్రాన్స్ తెల్ల వైన్, బర్గండీ ప్రాంతంలోని షాబ్లీ గ్రాండ్ క్రూ (అక్కడ అన్నిటికంటే పై తరగతి), లే క్లో తోటది, 2010 పంట, అందులో నాది నిన్న రాత్రి తెరిచేశాను. కార్క్ లాగుతుంటే ఎంత టెన్షనో. 1990ల మధ్య నుంచి బర్గండీ తెల్ల వైన్లు కొన్ని రావాల్సిన వయసు రాకముందే గాలి సోకి, దెబ్బతిన్న ఆపిల్ వాసన కొట్టిన సంగతి మనిద్దరికీ తెలిసిందేగా. గ్లాసులోకి వంచి ముందు రంగు చూశాను. ముదురు బంగారం, గోధుమ ఛాయ ఎక్కడా లేదు, తేటగా మెరుస్తోంది. హమ్మయ్య అనుకున్నా.

కానీ మొదటి గుటకకి ఉసూరుమన్నాను రా. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోయడం నా తప్పే, ఆ చలికి వాసనంతా ముడుచుకుపోయి నాలుకకి పులుపొక్కటే తగిలింది. గ్లాసు అలాగే వదిలేసి ఓ 20 నిమిషాలాగి, 12-13 డిగ్రీలకి వచ్చిందనిపించాక మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంటే, అబ్బ, తేనె, వేయించిన హేజెల్‌నట్, కాస్త మైనం, పుట్టగొడుగుల వాసన, వీటన్నిటి అడుగున సముద్రపు ఒడ్డు ఉప్పుగాలి! తేనె అన్నానని తియ్యగా ఉంటుందనుకోకు, చక్కెర జాడే లేదు. పులుపు ఎక్కడికీ పోలేదు, కుర్ర వైన్‌లో కోసినట్టుండేది ఇప్పుడు ఇంటికి నిట్టాడులా మిగతా రుచులన్నిటినీ మోస్తోంది. మింగాక ఎంతసేపటికీ ఆ ఉప్పదనం నోరు వదల్లేదు.

షాబ్లీలోని ఏడు గ్రాండ్ క్రూ తోటల్లో పెద్దది ఇదే, సెరెన్ నది పక్కన నైరుతి వైపు తిరిగిన కొండవాలు. ఆ నేలలో సుమారు 15 కోట్ల ఏళ్ల నాటి బుల్లి బుల్లి ఆల్చిప్పల శిలాజాలుంటాయి, ఒకప్పుడదంతా సముద్రం మరి. ఆ ఉప్పు రుచి చిప్పల నుంచే వస్తుందని చాలామంది అంటారు, రాతి రుచి వేళ్ల గుండా ద్రాక్షలోకి ఎక్కదని భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లు అంటారు. నాకు రెండో మాటే నిజమనిపిస్తుంది, అయినా ఆ గ్లాసు పట్టుకుని సముద్రం గుర్తుకు రాకుండా ఉండటం నా వల్ల కాలేదు. ఈ వైన్ చేసే షార్డనే ద్రాక్షకి సొంత వాసన పెద్దగా ఉండదు కదా, అందుకే చోటూ వయసూ అంత స్పష్టంగా పలుకుతాయి. మనం ఇదివరకు తాగినవాటిలో వెన్న, కొత్త ఓక్ పీపా వాసనలే ముందు మీద పడేవి, ఇందులో ఆ గోలే లేదు.

ఆఖరి గ్లాసు మూతపెట్టి దాచి ఇవాళ మధ్యాహ్నం తాగాను. తేనె తగ్గింది, ఉప్పు పెరిగింది, నాకు అదే ఇంకా నచ్చింది.

నీ సీసా ఉన్నచోటే చీకట్లో, చల్లగా పడుకోబెట్టి ఉంచు. తెరిచే రోజు ముందే చెప్పు, వచ్చేస్తాను. పోసే ముందు ఓ అరగంట ఫ్రిజ్ బయట పెట్టు, మర్చిపోకు.

నీ మామ