పర్లాకిమిడి పిల్లలకు తెలుగు మాస్టారు కావాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం పాతపట్నం నుంచి మా మేనకోడలి కూతురి పెళ్లి శుభలేఖ వచ్చింది. నాలుగో తరగతి చదువుతున్న మా మనవడు కవరు చింపి, కార్డు అటూ ఇటూ తిప్పి, "తాతా, ఏటి రాసుంది?" అని నా చేతికిచ్చాడు. ఇంట్లో వాడు మాట్లాడేది తెలుగే. అక్షరాలు మాత్రం ఒడియావే వచ్చు. ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ముప్పై రెండేళ్లు పోస్ట్‌మ్యాన్‌గా తిరిగాను. చదువురాని ముసలివాళ్లకు తెలుగు ఉత్తరాలు చదివి పెట్టేవాణ్ణి. బడికెళ్లే మనవడికీ అలాగే చదివి పెట్టాల్సి వచ్చేసరికి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాడి బళ్లో తెలుగు మాస్టారు రిటైరై మూడేళ్లయింది. ఇంకొకరు రాలేదు. అడిగితే పోస్టు పైనుంచి రావాలన్నారు. పైవాళ్లనడిగితే బడి సంగతి రాష్ట్రం చూసుకోవాలన్నారు. ఒడియా మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ భాష మాట్లాడే ఇళ్లన్నీ నావే అనుకుని తిరిగాను. వాడూ బాగా నేర్చుకోవాలి.

కానీ ఢిల్లీలో చదువుల కోసం ఒక శాఖ ఉంది కదా. 1910లో హోం శాఖ నుంచి విడదీసి దాన్ని పెట్టారు. 1923లో ఆరోగ్యం, భూములతో కలిపేసి, 1945లో మళ్లీ వేరు చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక మౌలానా ఆజాద్ పదేళ్లకు పైగా నడిపారు. 1985లో మానవ వనరుల శాఖ అయి, 2020లో తిరిగి విద్యాశాఖ అయింది. పేర్ల సంగతి అటుంచితే, నాకు ముఖ్యమైన ఏడాది 1976. ఆ ఏడు రాజ్యాంగ 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి, అంటే కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టాలు చేయగల విషయాల్లోకి, వచ్చింది. అలాంటప్పుడు బడి ఒక్క రాష్ట్రానిదే అంటే ఎలా?

అంతకుముందే, 1956లో, రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా రాష్ట్రాలు ప్రయత్నించాలనీ, అవసరమైతే రాష్ట్రపతి ఆదేశాలివ్వవచ్చనీ అందులో ఉంది. 2009 విద్యాహక్కు చట్టమూ వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించమంటుంది. మా ఊరికి ఇది కొత్త మాట కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడ మాస్టారుగా ఉంటూనే సవర గిరిజన పిల్లల కోసం వాళ్ల సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాశారు.

బళ్లలో గదులెన్ని, మరుగుదొడ్లెన్ని, కుళాయి ఉందా అని కేంద్రం ఏటా లెక్కలు తీసుకుంటోంది. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం బళ్లలో తెలుగు మాట్లాడే పిల్లలెందరు, వాళ్లకు తెలుగు చెప్పే మాస్టార్లెందరు అని కూడా అడగాలి. ఖాళీ కనబడితే రాష్ట్రానికి నిధులిచ్చేటప్పుడే ఆ పోస్టు నింపమని పట్టుబట్టాలి.

పెళ్లి వచ్చే నెల్లో. పాతపట్నం వెళ్లి పలక తెచ్చాను. సాయంత్రాలు అరుగు మీద వాడి చేత దిద్దిస్తున్నాను. పక్కింటి పిల్లలిద్దరు కూడా వచ్చి కూర్చుంటున్నారు. నిన్నటికి 'ట' దాకా వచ్చాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా