తెర ఇల్లు దాటే ముందు

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరం, దానితోపాటు మీ తాతయ్యగారి కలంకారీ తెర ఫొటోలు అందాయి. నాలుగు నెలల ప్రదర్శనకు ఆ తెరను అరువివ్వమని మ్యూజియం వాళ్లు అడిగారని, మీ పెద్దన్నయ్య సరేనంటుంటే మీ మేనత్తగారు ససేమిరా అంటున్నారని రాశావు. మధ్యలో నన్ను తీర్పు చెప్పమన్నావు. ఇవ్వమనే నా మాట. మచిలీపట్నం నుంచి ఓడలెక్కి లోకమంతా తిరిగిన పనితనం అది. నాలుగు మడతలు పడి రేకుపెట్టెలో ఉంటే మీ ఇంటి పిల్లలకైనా కనబడటం లేదు కదా! అయితే మీ మేనత్తగారి భయాన్ని కొట్టిపారేయకు. కాగితాలు పక్కాగా పూర్తయ్యాకే తెర గడప దాటాలి. నేను చెప్పాలనుకున్నదంతా ఇదే, మిగతాదంతా దీని వివరం.

తెర మీది చెట్టు ఆకులన్నీ నీలంగా ఉన్నాయేమిటని అడిగావు. అవి వేసిన నాడు పచ్చని ఆకులే. నీలిమందు అద్దిన చోట పైన పసుపు రంగు పూసి ఆకుపచ్చ తెప్పించేవారు. కలంకారీ రంగుల్లో వెలుతురుకు అన్నిటికంటే ముందు వెలిసిపోయేది ఆ పసుపే. అది పోయి అడుగున ఉన్న నీలం బయటపడింది. ఎడమవైపు కింది మూలన, మడత లోపల పడిన ఒక ఆకు మాత్రం ఇంకా కాస్త పచ్చగానే ఉంది, చూశావా? ఆ ఫొటోను ఎంతసేపు చూసినా తనివి తీరలేదు నాకు. చిరువేరుతో పట్టించిన ఎరుపు గట్టిది, దానికి అంత దిగులు లేదు. నా దిగులంతా నల్ల గీతల గురించే. ఇనుము, బెల్లం ఊరబెట్టి తయారుచేసిన నలుపు అది. ఆ ఇనుమే కాలం గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. నెమలి మెడ దగ్గర గీత వెంబడే గుడ్డ చిట్లి, వెనక నుంచి వెలుతురు కనబడుతోంది. ఆ చోటు తెర బరువు మోయలేదు.

కాబట్టి మ్యూజియం వాళ్లను నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న వెలుతురు గురించి. ఇలాంటి వస్త్రాల మీద 50 లక్స్‌కు (వెలుతురును కొలిచే ప్రమాణం అది) మించి పడకూడదని మ్యూజియాలు సాధారణంగా ఒప్పుకున్న మాటే. పగలు మన ఇంటి కిటికీ పక్కన అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. వెలుతురు చేసే నష్టం ఏ రోజుకా రోజు పేరుకుపోయేదే తప్ప, తెరను తర్వాత చీకట్లో పెట్టినా పోయిన రంగు తిరిగి రాదు. ప్రదర్శనకు జనం బాగా వస్తున్నారు, ఇంకో మూడు నెలలు ఉంచుతాం అంటారు. నీ సంతకం లేకుండా ఒక్క రోజు కూడా పొడిగించకూడదని ముందే రాయించు. రెండో ప్రశ్న, ఎలా వేలాడదీస్తారు అని. మేకులు, క్లిప్పులు వద్దే వద్దు. పై అంచు పొడవునా వెనక నూలుపట్టీ కుట్టి, దానికి వెల్‌క్రో పట్టి తగిలిస్తే బరువు అంచంతటా సమానంగా పడుతుంది. ఆ నెమలిని చూశాక అసలు వేలాడదీయడమే నాకు ఇష్టం లేదు. ఏటవాలు బల్ల మీద పరిస్తే ఇంకా మంచిదని నా మాటగా చెప్పు.

తెర ఇంట్లోంచి కదలకముందే దాని స్థితి రాసుకోవాలి. ముందు, వెనక, ప్రతి మూలా ఫొటో తీయాలి. చిరుగు ఎక్కడుంది, ఎంత పొడవు, మరక ఏ రంగు అన్నీ రాసి, మీరూ వాళ్లూ ఇద్దరూ సంతకం చేయాలి. అక్కడ పెట్టె విప్పినప్పుడు ఒకసారి, తిరిగి వచ్చాక ఇంకోసారి దాన్నే ముందు పెట్టుకుని సరిచూడాలి. ఇది లేకపోతే కొత్త చిరుగు ఎక్కడ పడిందో ఎవరూ తేల్చలేరు. బీమా ఖర్చు వాళ్లదే కావాలి. మీ ఇంట్లోంచి కదిలిన క్షణం నుంచి మళ్లీ మీ ఇంటికి చేరేదాకా వర్తించాలి, విలువ ఎంతో ముందే ఒప్పుకుని పత్రంలో అంకె వేయాలి. అన్నట్టు, ఫొటోల సంగతి కూడా ఒప్పందంలో రాయించడం మరచిపోకు. ప్రదర్శన పుస్తకంలో వేసుకోవడం వేరు, మీ నెమలిని సంచుల మీద అచ్చేసి అమ్ముకోవడం వేరు.

మీ మేనత్తగారి భయం ఎందుకు నిజమో చెప్తాను. నాకు తెలిసిన ఒక కుటుంబం వాళ్ల తాతగారి నాటి విగ్రహాలను ఒక మ్యూజియానికి అరువిచ్చింది. మాట మీద ఇచ్చారు. ఇచ్చినాయన పోయారు, పుచ్చుకున్న అధికారి బదిలీ అయ్యారు. మనవలు వెళ్లి అడిగితే రిజిస్టరులో దానం అని ఉంది. ఆ ఇంట్లో కాగితం ముక్క లేదు. మనసు కలుక్కుమంది నాకు. అందుకే ఒప్పందంలో ఫలానా తేదీకి తిరిగి ఇవ్వాలని, ఇచ్చినవారు లేకపోతే ఎవరికి అప్పగించాలో ఆ పేరు కూడా ఉండాలి. తెర ఉమ్మడి ఆస్తి కాబట్టి మీ మేనత్తగారితో సహా హక్కుదారులందరూ సంతకం చేయండి. ఆవిడ మనసు కుదుటపడేది కూడా అప్పుడే.

రాసిపెట్టడం విలువ ఏమిటో పాత గుడ్డలే చెప్తాయి. గోల్కొండ కాలపు కలంకారీలు కొన్ని రాజస్థాన్‌లోని ఆమేర్ రాజుల భాండాగారంలో భద్రంగా మిగిలాయి. అక్కడి లెక్కలవాళ్లు గుడ్డ వెనకే తేదీలతో వివరాలు రాసేవారు. ఏ గుడ్డ ఏనాటికి అక్కడ ఉందో ఆ రాతల వల్లే తెలుస్తోంది. నువ్వు మాత్రం తెర మీద రాయకు, నూలుపట్టీ మీద రాసి కుట్టించు. మీ తాతయ్యగారికి ఆ తెర ఎవరిచ్చారు, ఎప్పుడు వచ్చిందని మీ మేనత్తగారిని ఇప్పుడే అడిగి రాసుకో. ఆవిడ తర్వాత చెప్పేవాళ్లు లేరు.

చట్టం సంగతి కొంచెం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటినవి పురావస్తువులు, రాతప్రతులకైతే 75 ఏళ్లు. రిజిస్టర్ చేయించాల్సిన వాటిలో గుడ్డ మీద వేసిన చిత్రాలూ ఉన్నాయి. పురావస్తు శాఖ రిజిస్ట్రేషన్ అధికారిని కలిసి, ఫొటోలు చూపించి అడుగు. రిజిస్టరైతే తెర మీ కుటుంబం పేరన నమోదైందన్న కాగితం కూడా చేతిలో ఉంటుంది. విదేశాలకు పంపే మాట ఎవరైనా ఎత్తితే అది వేరే కథ. కేంద్ర ప్రభుత్వం, లేదా అది అనుమతించిన సంస్థ ద్వారా తప్ప పురావస్తువు దేశం దాటకూడదు. దాటనే దాటవని కాదు. హైదరాబాదులో జగదీశ్, కమల మిత్తల్ దంపతులు జీవితమంతా సేకరించినవాటిని ట్రస్టుకు అప్పగించి మ్యూజియం చేశారు. 2015లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో దక్కను సుల్తానుల కళ మీద ప్రదర్శన జరిగితే ఆ సేకరణలోవి కూడా అక్కడికి వెళ్లాయి. ఇద్దరు మనుషుల ఇష్టంతో పోగైనవి అంతమంది చూడగలిగారంటే నాకు ఎంతో సంతోషం.

ఇప్పుడు వెంటనే చేయాల్సిన పని: కలరా ఉండలు తీసెయ్యి, తెరను మడతల్లోంచి విప్పు. ఉతకవద్దు, ఇస్త్రీ అసలు వద్దు. లావుపాటి గొట్టానికి ఉతికిన తెల్లని నూలుగుడ్డ చుట్టి, దాని మీద తెరను వదులుగా చుట్టి, పైన ఇంకో గుడ్డ కప్పు. ఒక్కడివే చేయకు, నలుగురు పట్టుకోవాలి. ఒప్పందం ముసాయిదా వచ్చిన రోజే నాకో ప్రతి పంపు. నేను చదివి చెప్పేదాకా ఎవరూ సంతకం పెట్టవద్దు. మీ మేనత్తగారికి నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ మిత్రుడు